వదులు తీగ, బిగువు టేపు

జపాన్‌లోని నాకాలో 2000లో ఒక అతివాహక కాయిల్‌కు పరీక్ష జరిగింది. అది 46 కిలోఆంపియర్ల విద్యుత్తును మోసి, 13 టెస్లాల క్షేత్రాన్ని అందుకుని, 640 మెగాజౌళ్ల శక్తిని తనలో నిలుపుకుంది. దాదాపు పాతికేళ్ల తర్వాత అమెరికాలోని మసాచుసెట్స్‌లో మరో కాయిల్ పరీక్షకు నిలిచింది. అది మోసిన విద్యుత్తు 50 కిలోఆంపియర్లు, చేరిన క్షేత్రం 5.7 టెస్లాలు, నిలుపుకున్న శక్తి 3.7 మెగాజౌళ్లు. రెండింటికీ పెట్టిన పేరు ఒకటే: సెంట్రల్ సొలినాయిడ్ మోడల్ కాయిల్. మొదటిది దక్షిణ ఫ్రాన్స్‌లో కడుతున్న అంతర్జాతీయ టోకమాక్ (అయస్కాంతాలతో ప్లాస్మాను పట్టి ఉంచే సంలీన యంత్రం) ఐటర్ కోసం. రెండోది కామన్‌వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్ అనే ప్రైవేటు సంస్థ ఎంఐటీ శాస్త్రవేత్తల తోడుతో అక్కడి డెవెన్స్‌లో కడుతున్న స్పార్క్ టోకమాక్ కోసం.

శక్తి లెక్కన చూస్తే మొదటిది రెండోదానికి 170 రెట్లు పైమాటే. ఆ ఒక్క అంకెతో తీర్పు చెప్పేయవచ్చు, కానీ అప్పుడు రెండు కాయిల్స్‌కూ అన్యాయం జరుగుతుంది. వాటిని కట్టినవాళ్లు వేసుకున్న ప్రశ్న ఒకటే. ఆ ప్రశ్న దగ్గరికి వాళ్లు వచ్చిన దారులు మాత్రం ఎదురెదురు దిక్కులవి.

ప్రశ్న ఇది: మారే క్షేత్రంలో అతివాహకాన్ని చల్లగా ఉంచడం ఎలా? అతివాహకం నిలకడగా పారే విద్యుత్తును నష్టం లేకుండా మోస్తుంది. ఆసుపత్రి ఎంఆర్ఐ యంత్రంలో ఏళ్ల తరబడి ఆ పనే చేస్తోంది. క్షేత్రం మారడం మొదలైతే మాత్రం లోపల వేడి పుడుతుంది. టోకమాక్ నడిమధ్య నిలిచే సొలినాయిడ్‌కు క్షేత్రాన్ని మార్చడమే ఉద్యోగం. అది ట్రాన్స్‌ఫార్మర్‌లో ప్రైమరీ అయితే, చుట్టూ ఉంగరంలా తిరిగే ప్లాస్మా సెకండరీ. ముందు సొలినాయిడ్‌ను నిండా ఛార్జ్ చేస్తారు, తర్వాత ఆ విద్యుత్తును వేగంగా దించి, సున్నా దాటించి, వ్యతిరేక దిశకు తీసుకుపోతారు. ఆ మార్పే ప్లాస్మాలో విద్యుత్తును పుట్టించి నడుపుతుంది. ఐటర్‌లో అది 15 మెగాఆంపియర్లు, స్పార్క్‌లో 8.7. ఇంత విద్యుత్తును కదిలించే కాయిల్ తాను మాత్రం చల్లగా ఉండాలి. కొన్ని డిగ్రీలు వేడెక్కితే చాలు, అతివాహకత పోతుంది.

ఇది ఎంత కష్టమో మన దేశంలోని యంత్రాన్ని చూసినా తెలుస్తుంది. గాంధీనగర్ దగ్గరి ప్లాస్మా పరిశోధన సంస్థలో ఎస్‌ఎస్‌టీ-1 టోకమాక్ ఉంది. ప్లాస్మాను పట్టి ఉంచే దాని టొరాయిడల్ కాయిల్స్ పదహారూ నియోబియం-టైటానియం అతివాహకాలు. నడిమి సొలినాయిడ్‌ను మాత్రం రాగితో కట్టారు. స్థిరంగా ఉండే క్షేత్రాన్ని అతివాహకానికి అప్పగించి, చప్పున మారే క్షేత్రాన్ని రాగి దగ్గరే ఉంచడం తెలివైన నిర్ణయం. మారే క్షేత్రానికి భయపడాల్సినంత కారణం ఉందని కింది కథ చెబుతుంది.

ఐటర్ మన పాఠకులకు కొత్త కాదు. భారత్ అందులో భాగస్వామి, దాని బ్రహ్మాండమైన చలిపెట్టె, క్రయోస్టాట్, మన హజీరాలో రూపుదిద్దుకున్న సంగతి పత్రికల్లో చదివినదే. కాబట్టి సొలినాయిడ్ ఎత్తు 18 మీటర్లని, బరువు 1000 టన్నులని, దాని ఆరు మాడ్యూళ్లనూ కాలిఫోర్నియాలోని పోవేలో జనరల్ అటామిక్స్ చుట్టిందని చెప్పి ముందుకు సాగుతాను. ఆగి చూడవలసింది లోపలి కేబుల్‌ను.

ఆ కేబుల్ అచ్చంగా పేనిన తాడు. నియోబియం-టిన్ తీగలు రెండు, రాగి తీగ ఒకటి కలిపి పురి పెడితే ఒక ముప్పేట. అలాంటి ముప్పేటలు మూడు కలిపి మళ్లీ పురి, ఆ పేటలు నాలుగు కలిపి మళ్లీ పురి, మరోసారి నాలుగు, చివరికి ఆరు. మొత్తం 864 తీగలు. ఒక్కో తీగ మందం మిల్లీమీటరు కూడా లేదు, 0.83 మాత్రమే. అందులోని ప్రతి నియోబియం-టిన్ తీగలోనూ వేల అతివాహక పోగులు, ఒక్కోటీ కొన్ని మైక్రాన్ల మందంలో. ఈ తాడును మందపాటి స్టీలు తొడుగులో దూర్చి, మూడింట ఒక వంతు జాగా ఖాళీగా వదిలేస్తారు. ఆ ఖాళీలో 4.5 కెల్విన్ల హీలియం ప్రతి తీగనూ తాకుతూ పారుతుంది.

ఇంత పేనడం, ఇంత చీల్చడం వేడి తగ్గించడానికే. అతివాహక పోగు ఎంత సన్నగా ఉంటే మారే క్షేత్రం దానిలో పుట్టించే వేడి అంత తక్కువ. అలాగే పోగులకూ తీగలకూ పురి పెడితే రెండు తీగల మధ్య చుట్టి తిరిగే దొంగ ప్రవాహాలు బలహీనపడతాయి. పుట్టిన కాస్త వేడినీ పక్కనే ఉన్న హీలియం లాగేసుకుంటుంది. ప్రతి తీగనూ విడిగా, వదులుగా, చలిలో తడుస్తూ ఉండనివ్వడం ఈ సంప్రదాయపు ప్రాణం.

ఇక రెండో వైపు. అక్కడ తీగ లేదు, టేపు ఉంది. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు, మిశ్రలోహపు పట్టీ మీద ఒకటి రెండు మైక్రాన్ల అతివాహక పొర, పైన వెండి, ఆపైన రాగి. పొరలో ఉన్నది అరుదైన మృత్తికా లోహం, బేరియం, రాగి కలిసిన ఆక్సైడు. ఈ కుటుంబానికి ఆద్యమైన ఇట్రియం పదార్థం 1987లో బయటపడి, 90 కెల్విన్లు దాటి అతివాహకంగా ఉండి ప్రపంచాన్ని అబ్బురపరిచింది. నియోబియం-టిన్ 18 కెల్విన్ల దగ్గరే చేతులెత్తేస్తుంది. టేపును 20 కెల్విన్ల దగ్గర వాడితే నియోబియం-టిన్ ఊహించలేని క్షేత్రాలను తట్టుకుంటుంది. స్పార్క్ తన సొలినాయిడ్ నుంచి కోరుతున్నది 25 టెస్లాలు, ఐటర్ కోరేది 13.

తీగలో వేల పోగులుండగా టేపులో ఉన్నది ఒకే వెడల్పాటి పొర. ఆ పొర ముఖానికి అడ్డంగా తగిలే క్షేత్రం మారితే అందులో నష్టం ఎక్కువ. మొదటి సంప్రదాయం అరవై ఏళ్లుగా సన్నబరుస్తూ వచ్చిన దాన్ని రెండోది మళ్లీ వెడల్పు చేసినట్టయింది. అయితే ఉష్ణోగ్రత ఇక్కడ దాని పక్షాన నిలుస్తుంది. 4.5 కెల్విన్ల దగ్గర ఒక జౌలు వేడిని తోడి బయట పారేయడానికి, ప్రకృతి నియమాలు అనుమతించే అత్యుత్తమ యంత్రానికి కూడా 66 జౌళ్ల పని కావాలి. అదే 20 కెల్విన్ల దగ్గరైతే 14 చాలు. పైగా 20 కెల్విన్ల దగ్గర రాగి ఒక డిగ్రీ వేడెక్కడానికి పుచ్చుకునే వేడి, 4 కెల్విన్ల దగ్గర పుచ్చుకునే దానికి దాదాపు 80 రెట్లు. ఐటర్ తీగకు తట్టుకునే ఓర్పు హీలియం నుంచి వస్తే, టేపుకు అది తన చుట్టూ ఉన్న లోహం నుంచే వస్తుంది.

రెండు సంప్రదాయాలకూ దెబ్బ తగిలింది, ఇద్దరికీ తగిలింది తమకు బాగా నచ్చిన చోటే. అందుకే ఈ భాగం నాకు అన్నిటికంటే ఇష్టం.

46 కిలోఆంపియర్ల కేబుల్‌ను 13 టెస్లాల క్షేత్రంలో ఉంచితే, మీటరు పొడవు మీద పడే తోపు 60 టన్నులు. వదులుగా పేనిన 864 తీగల మీద ఆ తోపు వచ్చి పడి, పల్సు ముగిశాక వదిలేసి, మళ్లీ పడుతుంది. ఖాళీ ఉంది గనుక తీగలు కదులుతాయి, వంగుతాయి. రాగి తీగ వంగితే ఏమీ కాదు. నియోబియం-టిన్ గాజులాంటి స్వభావం గలది, వంగితే లోపలి పోగులు విరుగుతాయి. స్విట్జర్లాండ్‌లోని విల్లిగెన్‌లో సుల్తాన్ అనే పరీక్షా కేంద్రం ఉంది. 2010 ప్రాంతంలో ఐటర్ సొలినాయిడ్ కేబుల్ నమూనాలను అక్కడ క్షేత్రంలో పెట్టి వేలసార్లు ఎక్కించి దించితే, ప్రతి విడతకూ వాటి సామర్థ్యం కొంచెం కొంచెం తగ్గుతూ పోయింది. ఆగే సూచన కనబడలేదు. జీవితకాలంలో 30,000 పల్సులు చూడవలసిన యంత్రానికి ఇది మామూలు కబురు కాదు.

జవాబు పురిలో దొరికింది. మొదటి దశ పురి అడుగు, అంటే ఒక పూర్తి మెలికకు పట్టే పొడవు, 45 మిల్లీమీటర్లుండేది. దాన్ని 20 మిల్లీమీటర్ల చుట్టుపక్కలకు దించి, మిగతా దశల్లోనూ పురి బిగించారు. తీగలు ఒకదానికొకటి ఊతమిచ్చి కదలడం మానేశాయి. సామర్థ్యపు జారుడు ఆగింది. 2015లో ఈ కొత్త కేబుల్‌తో ఒక పొర కాయిల్ చుట్టి, నాకాలో ఉన్న 2000 నాటి ఆ మోడల్ కాయిల్ నడి తొర్రలోనే దించి, 16,000 సార్లు ఎక్కించి దించారు. కేబుల్ నిలబడింది. పాత మోడల్ కాయిల్ అలా కొత్త కేబుల్‌కు పరీక్షా వేదిక అయింది. వదులును నమ్ముకుని బయల్దేరిన సంప్రదాయం బిగువు విలువ తెలుసుకుంది, కానీ హీలియం పారే మూడో వంతు ఖాళీని మాత్రం వదులుకోలేదు. ఆ సంయమనాన్ని మెచ్చుకోవాలి.

టేపు వాళ్లు సరిగ్గా దీనికి ఎదురు కొసన మొదలెట్టారు. వాళ్ల తొలి పెద్ద విజయం 2021 సెప్టెంబరు 5న వచ్చింది. ఎంఐటీలో ఒక టొరాయిడల్ మోడల్ కాయిల్ 20 కెల్విన్ల దగ్గర 20 టెస్లాలు దాటింది. అందులో చుట్టుకూ చుట్టుకూ మధ్య ఇన్సులేషనే లేదు. టేపుల బొత్తిని స్టీలు పలకల్లోని గాడుల్లో పెట్టి, టంకం పోసి ఒకే ముద్ద చేశారు. ఎక్కడైనా టేపు చెడిపోతే విద్యుత్తు పక్క చుట్టులోకి తప్పుకుని పోతుంది. స్థిరమైన క్షేత్రానికి ఇది సుందరమైన ఉపాయం. పల్సు కాయిల్‌కు మాత్రం ఇదే శాపం. చుట్ల మధ్య దారి ఉంటే, వేగంగా మారే విద్యుత్తు చుట్ల వెంట తిరగకుండా అడ్డదారిన పోయి వేడిగా మిగిలిపోతుంది. అందువల్ల సొలినాయిడ్‌కు వేరే కేబుల్ కావలసి వచ్చింది.

ఆ కేబుల్ పేరు వైపర్. మెలితిరిగిన రాగి కడ్డీలో గాడులు తీసి, టేపుల బొత్తులను వాటిలో పేర్చి, టంకంతో ఖాళీలన్నీ నింపి, చుట్టూ గట్టి తొడుగు వేస్తారు. హీలియం నడుమ ఉన్న ఒకే కాలువలో పారుతుంది. ఐటర్ తీగలు విడిగా ఉండి వంగి విరిగితే, ఇక్కడ టేపు కదలడానికి జాగా అన్నదే లేదు. 50 కిలోఆంపియర్లను 20 టెస్లాల్లో పెడితే మీటరుకు 100 టన్నుల తోపు పడుతుంది, అయినా టేపులను ఆ బిగువే కాపాడింది. కానీ అన్నీ టంకంతో అతుక్కుని ఉన్న కేబుల్‌లో దొంగ ప్రవాహాలకు అడ్డూ ఆపూ ఉండదు. ఐటర్ వాళ్లు పురితో, విడితో అదుపు చేసిన నష్టమే ఇక్కడ తలెత్తింది. దానికి పరిష్కారంగా పిట్ వైపర్ పుట్టింది. కేబుల్ లోపలి రాగిని భాగాలుగా విడదీసి, వాటి నడుమ కొంతమేరకు ఇన్సులేషన్ పెట్టారు. టేపు తన గాడిలో టంకంతో బిగుసుకునే ఉంటుంది, ఒక భాగం నుంచి మరో భాగానికి పోయే దారి మాత్రం మూసుకుపోతుంది. మసాచుసెట్స్ మోడల్ కాయిల్ పరీక్షించింది ఈ కేబుల్‌నే. దాని 3.7 మెగాజౌళ్లు ఐటర్ నమూనాకు సాటి రావు, రావలసిన పనీ లేదు. క్షేత్రాన్ని వేగంగా కదిలించినా ఈ బిగువు కేబుల్ చల్లగా ఉండగలదా అన్నదే దాని ప్రశ్న, ఆ ప్రశ్నకు అది జవాబు ఇచ్చింది.

ఇలా ఒకరు వదులు దగ్గర మొదలై బిగువు వైపు వచ్చారు, మరొకరు బిగువు దగ్గర మొదలై విడి వైపు వచ్చారు. ఎవరూ ఎదుటివారి గడప దాకా వెళ్లలేదు. ఎంత దూరం వెళ్లాలో ఇద్దరికీ నేర్పింది క్షేత్రం మారే వేగమే.

క్వెంచ్ (అతివాహకత హఠాత్తుగా పోవడం) విషయంలో తేడా ఇంకా లోతుగా ఉంది. కాయిల్‌లో ఒక చోట అతివాహకత పోతే అక్కడ వేడి పుడుతుంది, ఆ వేడి పక్కకు పాకుతుంది. నియోబియం-టిన్‌లో ఆ పాకుడు సెకనుకు మీటర్ల లెక్కన సాగుతుంది. చెడ్డ చోటు త్వరగా పెరుగుతుంది, వోల్టేజీ త్వరగా కనబడుతుంది, శక్తిని బయటి నిరోధకాల్లోకి దించే సమయం దొరుకుతుంది. టేపులో ఆ పాకుడు సెకనుకు మిల్లీమీటర్లు, మహా అయితే సెంటీమీటర్లు. చూడటానికి ఇది మంచి గుణంలా ఉంటుంది, నిజానికి ప్రమాదం. వేడి ఒకే చోట పోగుపడి, బయట ఏమీ కనబడకముందే అక్కడ కరిగిపోవచ్చు. పల్సు కాయిల్‌లో ఇంకో చిక్కు. క్షేత్రం మారేటప్పుడు కాయిల్ కొసల మధ్య పుట్టే వోల్టేజీ కిలోవోల్టుల స్థాయిది. వెతుకుతున్న ప్రమాద సంకేతం వోల్టులో ఏ కాస్త భాగమో. ఐటర్ సంప్రదాయంలో పక్కపక్క చుట్ల వోల్టేజీలను ఒకదానిలోంచి ఒకటి తీసివేసి ఆ చిన్న సంకేతాన్ని బయటికి లాగుతారు. వైపర్ వాళ్లు కేబుల్ పొడవునా ఆప్టికల్ ఫైబర్ పెట్టి, వేడిని కాంతితో చదివే పద్ధతిని సుల్తాన్‌లోనే పరీక్షించారు. ఫైబర్‌కు మారే క్షేత్రం గొడవ పట్టదు. ఈ ఒక్క విషయంలో కొత్త సంప్రదాయం పాతదానికి కూడా కానుక ఇవ్వగలదని నా నమ్మకం.

తయారీలో మాత్రం పాతదాని ఓపికకు సాటి లేదు. నియోబియం-టిన్ గాజు స్వభావం పొందేది కొలిమిలో వండాకనే. అందుకని ముందు కాయిల్ చుట్టి, 650 డిగ్రీల దాకా వేడెక్కే కొలిమిలో వారాల తరబడి వండి, తర్వాత గాని చుట్లను విడదీసి ఒక్కొక్కదానికీ ఇన్సులేషన్ కట్టరు. విడదీసేటప్పుడు లోపలి తీగ ఒరుసుకోకూడదు. ఒక్కో మాడ్యూల్‌లో నలభై పొరలు, 110 టన్నుల బరువు, అది పూర్తి కావడానికి రెండేళ్లకు పైగా. టేపు ఈ వంటంతా ముందే ముగించుకుని వస్తుంది. దాన్ని పేర్చి, వంచి, టంకం పోసి వెంటనే వాడవచ్చు. కానీ దానికీ ఒక బలహీనత ఉంది. పొరలను విడదీసే దిశలో లాగితే టేపు సులువుగా ఊడిపోతుంది. తీగ వంగడానికి భయపడితే, టేపు ఊడడానికి భయపడుతుంది.

ఇద్దరూ సమానంగా భయపడవలసింది ఇన్సులేషన్‌కు. నాకాలోనే ఉన్న జేటీ-60ఎస్‌ఏ టోకమాక్‌లో 2021 మార్చిలో ఒక పొలాయిడల్ కాయిల్ కొస దగ్గరి అతుకులో ఇన్సులేషన్ తెగి, ఆర్క్ రగిలింది. మరమ్మతులు రెండేళ్లకు పైగా పట్టాయి. తొలి ప్లాస్మా 2023 అక్టోబరులో గాని రాలేదు. అతివాహకం తన పని తాను చేసింది. దెబ్బ తిన్నది దాని పక్కనున్న మామూలు పొర. పల్సు కాయిల్ అంటేనే ఎక్కువ వోల్టేజీ గనుక, తీగైనా టేపైనా ఈ పాఠం ఇద్దరిదీ.

వీరి బంధుత్వం కూడా పైకి కనిపించే దానికన్నా దగ్గరిది. హీలియం పారే తొడుగులో తీగల తాడు అనే ఆలోచన 1970లలో ఎంఐటీలో హోనిగ్, మాంట్‌గోమరీల చేతుల్లో రూపు దిద్దుకుంది. ఐటర్ మోడల్ కాయిల్ లోపలి భాగాన్ని తీసుకొచ్చింది కూడా అమెరికా పక్షమే, బయటి భాగం జపాన్‌ది. వైపర్ పుట్టింది అదే ఎంఐటీలో. రెండు కుటుంబాల కేబుల్ ముక్కలూ విల్లిగెన్‌లో ఒకే క్షేత్రంలోకి దిగాయి. కొత్తది పాతదాన్ని కూలదోయడానికి వచ్చిందని రాసేవాళ్లు ఈ వంశవృక్షాన్ని చూడలేదు.

ఇప్పుడు ఎవరి ముందు ఏముంది? ఐటర్ సొలినాయిడ్ మాడ్యూళ్లు ఆరూ సిద్ధమయ్యాయి. ఐటర్ పల్సు అయస్కాంతాల భాగాలన్నీ పూర్తయ్యాయని 2025 ఏప్రిల్ చివర్లో ప్రకటించారు. ఒక్కో మాడ్యూల్‌ను విడిగా చల్లబరచి విద్యుత్తు పంపి చూశారు. ఆరూ ఒకదాని మీద ఒకటి నిలిచి, వేర్వేరు విద్యుత్తులతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ లాక్కుంటూ పనిచేయడం ఇంకా జరగలేదు. చుట్టూ ఉండే స్టీలు పట్టీలను ముందే బిగించేది ఆ నెట్టుడు కోసమే. రెండో వైపు పిట్ వైపర్ వేగాన్ని తట్టుకుంటుందని చూపింది. కాయిల్ రూపంలో, నిండు క్షేత్రంలో, వేలకు వేల పల్సులు గడిచాక టంకం పగలకుండా, టేపు ఊడకుండా ఉంటుందా అన్నది ఇంకా తేలవలసి ఉంది. నాకాలో 2015లో పాత కాయిల్ తొర్రలో కొత్త కేబుల్‌ను దించి 16,000 సార్లు ఊపినట్టు, ఆ కేబుల్‌ను కూడా ఎవరైనా అంత ఓపికగా ఊపి చూడాలి. స్పార్క్ సొలినాయిడ్ 25 టెస్లాలకు ఎక్కకముందే ఆ పరీక్ష జరగాలని కోరుకుంటున్నాను.